మోటారుతో రెక్కలాడించి మనిషి ఎగరగలడా? చిక్కంతా రెక్క మొదట్లోనే ఉంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నారు. స్నేహితులతో కలిసి 150 సీసీ బైక్ ఇంజన్ పెట్టి, పక్షిలా రెక్కలాడించే యంత్రం కట్టి, అందులో మనిషి కూర్చుని ఎగరాలని మీ ఆలోచన. అది సాధ్యమేనా, ఆ ఇంజన్ చాలుతుందా, సాధ్యమైతే ఇన్నేళ్లుగా ఎవరూ అలాంటి విమానం ఎందుకు అమ్మట్లేదు అని మీ సందేహం.

సాధ్యమే. ఇప్పటికే ఎగిరింది కూడా. శక్తి మాటకొస్తే మీ బైక్ ఇంజన్ కాగితం మీద సరిపోతుంది. ఆ శక్తిని రెక్కకు అందించే చోట, అంటే రెక్క ఒంటికి అతికే కీలు దగ్గర, మొత్తం కష్టం పోగుపడుతుంది. నా ఉద్యోగమంతా విమాన భాగాల కంపన పరీక్షల్లో, లోహం అలసి ఎలా విరుగుతుందో చూడటంలో గడిచింది. అందుకే నా సమాధానం అటే మొగ్గుతుంది. ఈ విషయం మాట్లాడేవాళ్లలో చాలామంది హార్స్‌పవర్ దగ్గరే ఆగిపోతారు. మీరు అక్కడ ఆగకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. చేతులకు రెక్కలు కట్టుకుని, వీపున మోటారు పెట్టుకుని, పార్కులో పరుగెత్తి పైకి లేచిన మనిషి వీడియో ఒకటి ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 2012లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన వీడియో అది. అది కల్పితమని, తీసిన కళాకారుడే కొద్ది రోజుల్లో టీవీలో ఒప్పుకున్నాడు. అది అబద్ధమని లెక్కతోనూ తేల్చవచ్చు. మనిషి, రెక్కలు, మోటారు, బ్యాటరీ కలిపి 100 కిలోలు అనుకోండి. పరుగు వేగం సెకనుకు 5 మీటర్లు. ఆ వేగంలో 100 కిలోలు లేవాలంటే దాదాపు 60 చదరపు మీటర్ల రెక్క కావాలి. ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంత వైశాల్యాన్ని ఎవరూ భుజాలకు కట్టుకోలేరు. కాబట్టి ఒంటికి కట్టుకునే రెక్కల సంగతి పక్కన పెట్టి, లోపల కూర్చుని నడిపే యంత్రం గురించే మాట్లాడుకుందాం. దాన్ని ఆర్నిథాప్టర్ అంటారు.

కండబలంతో రెక్కలాడించి ఎగరడం అయ్యే పని కాదని ఇటలీ శాస్త్రవేత్త బొరెల్లీ పుస్తకం 1680లోనే వాదించింది. పక్షి ఛాతీ కండరాలకు, దాని బరువుకు ఉన్న నిష్పత్తి చూపించి, మనిషికి అంత కండ లేదని తేల్చాడు. మూడు శతాబ్దాలు ఆ మాట నిలిచింది. 2010 ఆగస్టు 2న కెనడాలో స్నోబర్డ్ అనే యంత్రం టాడ్ రైకర్ట్ కాళ్ల బలంతో రెక్కలాడిస్తూ 19.3 సెకన్ల పాటు 145 మీటర్లు ఎగిరింది. రెక్కల వెడల్పు 32 మీటర్లు. యంత్రం బరువు మాత్రం 43 కిలోల లోపే. కారుతో లాగి గాల్లోకి లేపాల్సి వచ్చింది. ఆ బృందం పడ్డ శ్రమంటే నాకు చాలా గౌరవం. అయితే దాని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి: 1979 జూన్ 12న బ్రయాన్ అలెన్ కాళ్లతో ప్రొపెల్లర్ తిప్పుతూ గాసమర్ ఆల్బట్రాస్‌లో ఇంగ్లిష్ ఛానెల్ దాటాడు. 35 కిలోమీటర్లకు పైగా దూరం, దాదాపు మూడు గంటల ప్రయాణం. రెండింటిలోనూ ఇంజన్ మనిషి కాళ్లే. ఒకటి రెక్కలాడించింది, ఒకటి ప్రొపెల్లర్ తిప్పింది. ఫలితంలో ఎంత తేడా ఉందో చూడండి.

ఇక మోటారు సంగతి. 1890లలో జర్మనీలో లిలియంథాల్, గ్లైడర్లతో పాటు, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో నడిచే చిన్న ఇంజన్ పెట్టి రెక్కల చివర్లు మాత్రమే ఆడే యంత్రం కట్టాడు. 1896 ఆగస్టులో గ్లైడర్ నుంచి పడి చనిపోవడంతో ఆ పని ఆగిపోయింది. 1940లలో జర్మనీలోనే ఆడల్బర్ట్ ష్మిడ్ ఇంకో దారి పట్టాడు. లోపలి రెక్క కదలదు, అది బరువు మోస్తుంది. దానికి తోడు ఆడే రెక్కలు తోస్తాయి. చిన్న మోటార్‌సైకిల్ ఇంజన్‌తో అతని యంత్రం నిమిషాల తరబడి గాల్లో నిలిచింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

రెక్క మొత్తం ఆడుతూ, మనిషిని మోస్తూ ఎగిరిన వాటిలో అందరూ చెప్పుకునేది టొరంటో విశ్వవిద్యాలయంలో జేమ్స్ డీలారియర్, జెరెమీ హ్యారిస్ కలిసి కట్టినది. ముందు రిమోట్‌తో ఎగిరే నమూనా చేశారు, అది 1991లో ఎగిరింది. మనిషి కూర్చునే పెద్దది ఎగరడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 2006 జూలై 8న జాక్ శాండర్సన్ పైలట్‌గా 14 సెకన్లు, సుమారు మూడో వంతు కిలోమీటరు దూరం, గంటకు 80 కిలోమీటర్లకు పైగా వేగంతో ఎగిరింది. రెక్కల వెడల్పు సుమారు 12.5 మీటర్లు, బరువు 320 కిలోల పైచిలుకు, ఇంజన్ 24 హార్స్‌పవర్. దానికి సాయంగా ఒక చిన్న జెట్ ఇంజన్ కూడా పెట్టారు. చివరికి పక్కగాలి తగిలి, దిగేటప్పుడు దెబ్బతింది. చిన్న నమూనాకు, పెద్ద యంత్రానికి మధ్య పదిహేనేళ్లు ఎందుకు పట్టిందో అర్థం చేసుకుంటే మీ ప్రశ్నలో ముప్పాతిక భాగానికి జవాబు దొరుకుతుంది.

లెక్క వేద్దాం. గుండ్రంకెలు తీసుకుంటాను, మీరు మీ కొలతలు పెట్టి మళ్లీ చేసుకోండి. మనిషితో కలిపి 300 కిలోలు. రెక్కల వెడల్పు 12 మీటర్లు, అంటే ఒక్కో వైపు 6. వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. లిఫ్ట్‌కూ (రెక్క పైకి లేపే బలానికి), గాలి నిరోధానికీ నిష్పత్తి 12 అనుకుందాం. అప్పుడు నిరోధం 245 న్యూటన్లు, గాలిలోకి వెళ్లాల్సిన శక్తి సుమారు 4.9 కిలోవాట్లు. ప్రొపెల్లర్ అయితే 80 శాతం సామర్థ్యం లెక్కన 6 కిలోవాట్ల పైన, అంటే 8 హార్స్‌పవర్‌తో పనైపోతుంది. ఆడే రెక్క ఇంకా ఎక్కువ వృథా చేస్తుందనుకున్నా, 14 హార్స్‌పవర్ ఇచ్చే మీ బైక్ ఇంజన్ సరిహద్దులో నిలబడుతుంది. పైకి ఎక్కడానికి మిగులు పెద్దగా ఉండదు, అంతే. మీ ఉత్సాహానికి ఇక్కడిదాకా అడ్డేమీ లేదు.

ఇప్పుడు రెక్క మొదట్లోకి రండి. 300 కిలోల బరువులో సగం ఒక్కో రెక్క మోయాలి, అంటే 1,470 న్యూటన్లు. ఆ బలం కీలు నుంచి సుమారు రెండున్నర మీటర్ల దూరంలో పనిచేస్తుంది. కీలు మీద పడే తిప్పుడు బలం (టార్క్) దాదాపు 3,700 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవు రెంచి చివర 375 కిలోలు వేలాడదీస్తే ఎంత పడుతుందో అంత. మామూలు విమానంలో ఎడమ రెక్క స్పార్ (రెక్క పొడవునా బరువు మోసే దూలం), కుడి రెక్క స్పార్ ఒకే దూలంలా కలిసి ఉంటాయి. ఇటు నుంచి వచ్చే తిప్పుడు బలం అటు నుంచి వచ్చేదానితో చెల్లిపోతుంది. ఇంజన్‌కు దాని సంగతే తెలియదు. ఆడే రెక్కలో ఆ దూలాన్ని మధ్యలో కోసి కీలు పెట్టారు. ఇక ఆ 3,700 న్యూటన్ మీటర్లనూ ప్రతి క్షణం ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి: క్రాంకో, కనెక్టింగ్ రాడ్డో, గేరు పళ్లో. మీ బైక్ ఇంజన్ ఇచ్చే టార్క్ 13, 14 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్‌తో పెంచవచ్చు, నిజమే. కానీ ఆ గేర్‌బాక్స్ బరువెంతో వేసి చూడండి, మీ 300 కిలోల్లో అది ఎంత మింగేస్తుందో తెలుస్తుంది.

అక్కడితో అయిపోలేదు. రెక్క చివర రెండు మీటర్లు పైకి, రెండు మీటర్లు కిందికి ఆడుతుందనుకుంటే, రెక్క కిందికి దిగే ప్రతిసారీ ఈ లిఫ్ట్‌కు ఎదురు పని చేయాలి. రెండు రెక్కలకూ కలిపి దాదాపు 5 కిలోజౌళ్లు. సెకనుకు 1.25 సార్లు ఆడిస్తే ఆ దిగుడుకు 0.4 సెకన్లే దొరుకుతాయి, అంటే 12 కిలోవాట్ల పైన. తర్వాతి 0.4 సెకన్లలో గాలి రెక్కను పైకి నెట్టి అందులో చాలావరకు వెనక్కి ఇచ్చేస్తుంది. ఎగరడానికి నికరంగా కావాల్సింది 6 కిలోవాట్లే, కానీ గేర్లలో అంతకు రెట్టింపు శక్తి ముందుకూ వెనక్కూ ఊగుతుంటుంది. దీనికి మందు స్ప్రింగు. సగటు లిఫ్ట్‌ను స్ప్రింగో బంజీ తాడో పట్టుకుంటే ఇంజన్ మీద తేడా మాత్రమే పడుతుంది. టొరంటో వాళ్లు ఇంకో తెలివైన పని చేశారు. వాళ్ల రెక్క మూడు ముక్కలు. మధ్య ముక్క పైకి లేస్తే పక్క ముక్కలు కిందికి దిగుతాయి. అలా ఒకదాని కుదుపును మరొకటి చాలావరకు తగ్గిస్తుంది. మీరు ఏ డిజైన్ మొదలుపెట్టినా ఈ సమతూకం ఎక్కడ జరుగుతుందో కాగితం మీద చూపించలేకపోతే ముందుకు వెళ్లకండి.

సెకనుకు 1.25 అని నేను ఊరికే అనలేదు. పక్షులు, గబ్బిలాలు, పురుగులు, చివరికి తోక ఆడించి ఈదే చేపలు కూడా సాఫీగా ప్రయాణించేటప్పుడు, ఆడే వేగాన్ని ఆడే ఎత్తుతో గుణించి ముందుకు పోయే వేగంతో భాగిస్తే 0.2 నుంచి 0.4 మధ్య వస్తుంది. స్ట్రౌహాల్ సంఖ్య అంటారు దాన్ని. మన లెక్కలో 0.25 తీసుకుంటే, 4 మీటర్ల ఊపుకు, 20 మీటర్ల వేగానికి వచ్చేది సెకనుకు 1.25. టొరంటో యంత్రం కూడా సుమారు సెకనుకు ఒకసారే ఆడించింది.

ఈ వేగంలో రెక్క చివర ఏం జరుగుతుందో చూడండి. ఊపు మధ్యలో చివర సెకనుకు దాదాపు 16 మీటర్ల వేగంతో కిందికి దిగుతోంది. ముందుకు 20. అంటే అక్కడి రెక్కకు గాలి 38 డిగ్రీల వాలులో, కింది నుంచి వస్తున్నట్టు తగులుతుంది. మామూలు రెక్క ఆకారం 12, 15 డిగ్రీలు దాటితే స్టాల్ అయిపోతుంది, లిఫ్ట్ పడిపోతుంది. కాబట్టి దిగేటప్పుడు రెక్క చివర ముందంచు పాతిక డిగ్రీలు కిందికి మెలి తిరగాలి, లేచేటప్పుడు అంతే పైకి తిరగాలి. అదీ సరిగ్గా సమయానికి తిరగాలి. ఈ మెలికే రెక్కకు థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం, ఇస్తుంది. మెలి తిరగని రెక్క గాలిని పైకీ కిందికీ కొడుతుంది తప్ప ముందుకు తోయదు. మెలి తిరగాలంటే రెక్క మెత్తగా ఉండాలి. 3,700 న్యూటన్ మీటర్లు మోయాలంటే గట్టిగా ఉండాలి. ఒకే వస్తువు వంపుకు గట్టిగా, మెలికకు మెత్తగా ఉండేలా చేయడం డీలారియర్ బృందం సాధించిన అసలు విజయం. రెక్క వెనకంచు దగ్గర పైచర్మం, కిందిచర్మం అతికించకుండా ఒకదాని మీద ఒకటి జారేలా వదిలేశారు. దాంతో మందమైన రెక్క కూడా సులువుగా మెలి తిరిగింది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన ఆలోచన అదే.

ఇక లోహం అలసట. రెక్క చివర పైకి 2, కిందికి 2 మీటర్ల చొప్పున సెకనుకు 1.25 సార్లు ఆడితే, మలుపు దగ్గర త్వరణం భూమ్యాకర్షణకు పన్నెండున్నర రెట్లు. చివరి మీటరులో ఒక కిలో ఉంటే ఊపు ఊపుకూ పన్నెండున్నర కిలోల లాగుడు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. గంటకు 4,500 ఊపులు. వంద గంటలు ఎగిరితే నాలుగున్నర లక్షలు. ఉక్కుకు కనీసం ఒక హద్దు ఉంది, ఆ ఒత్తిడి దాటకపోతే చాలాకాలం ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ఎంత చిన్న ఒత్తిడైనా తగినన్ని సార్లు పడితే ఎప్పుడో ఒకప్పుడు పగులు మొదలవుతుంది.

బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో కాలేజీ పిల్లలు కట్టిన రిగ్గు చూశాను. కారు వైపర్ మోటారు, ఒక క్రాంకు, రెండు కనెక్టింగ్ రాడ్లు, ఒక్కో వైపు మీటరు రెక్క. శుభ్రంగా కట్టారు. మొదట్లో చప్పుడు సాఫీగా ఉండేది. సాయంత్రానికి ఊపు పైకి చేరిన ప్రతిసారీ సన్నగా టక్కుమని వినిపించడం మొదలైంది. ఆపి చూస్తే అల్యూమినియం బ్రాకెట్‌లో బోల్టు తల చుట్టూ నల్లటి మెత్తని పొడి, వేలికి అంటుకునేంత. బోల్టు బిగుతుగానే ఉన్నట్టు కనిపిస్తోంది, కానీ కింద లోహం లోహాన్ని రాసుకుని అరుగుతోంది. బోల్టు తీస్తే గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం ఊపు దిక్కులో కోలగా సాగి ఉంది. తర్వాత ఆ బ్రాకెట్ విరిగింది. విరిగిన ముఖం చూపించి పిల్లలకు వివరించాను: ఒక మూల నుంచి నున్నగా, వంపు గీతలు గీతలుగా పాకుతూ వచ్చిన భాగం అలసట పగులు, చివర గరుకుగా మిగిలిన కొద్ది భాగం ఒక్కసారిగా తెగింది. తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టులో బలం ఒకే దిక్కుకు ఉంటుంది, కొద్దిపాటి ప్లే (భాగాల మధ్య వదులు) ఉన్నా పళ్లు ఒకవైపే ఆనుకుని ఉంటాయి. ఆడే రెక్కలో బలం ఊపుకు రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. ప్రతి మలుపులోనూ ఆ ప్లే అంతా దెబ్బగా మారుతుంది. దెబ్బ ప్లేను పెంచుతుంది, పెరిగిన ప్లే ఇంకా గట్టిగా కొడుతుంది. ఆ రిగ్గు మీద మనిషి లేడు. మీ యంత్రంలో ఉంటాడు.

ఆ మనిషి సంగతి కూడా చూద్దాం. రెక్కలు దిగేటప్పుడు లిఫ్ట్ రెట్టింపై, లేచేటప్పుడు సున్నా అయితే, కూర్చున్నవాడు 0.8 సెకనుకోసారి బరువు కోల్పోయి, వెంటనే రెట్టింపు బరువెక్కుతాడు. సీటు 32 సెంటీమీటర్లు పైకీ కిందికీ కదులుతుంది. ఇది కేవలం అసౌకర్యం కాదు. చేతిలో కంట్రోల్ స్టిక్ ఉంటుంది. ఒంటితో పాటు చేయి ఊగుతుంది, చేయితో పాటు ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఊగుతుంది, దాంతో విమానం ముక్కు కూడా అదే లయలో ఊగడం మొదలుపెడుతుంది. పైలట్ కావాలని చేయని ఊగిసలాట విమానాన్ని కూల్చగలదు. పక్షి మెడ చూడండి, ఒళ్లు ఊగుతున్నా తల నిలకడగా ఉంచుకుంటుంది. మన వెన్ను అలా చేయలేదు.

నేల మీద ఇంకో రకం తిప్పలు. మొజంజాహీ మార్కెట్ దగ్గర పావురాలు ఒక్కసారిగా లేవడం చూసే ఉంటారు. మొదటి వేగంలో పెద్ద భాగం కాళ్లతో దూకడం వల్లే వస్తుంది, ఆ వెంటనే రెక్కలు పైన చప్పట్లు కొట్టినంత పెద్ద ఊపు వేస్తాయి. 300 కిలోల యంత్రం దూకలేదు, చక్రాల మీద పరుగెత్తాలి. రెక్క చివర రెండు మీటర్లు కిందికి వస్తుంది కాబట్టి కీలు అంతకంటే ఎత్తులో ఉండాలి. అంత ఎత్తు కాళ్ల మీద నిలబడ్డ యంత్రం పక్కగాలికి ఒరిగిపోతుంది. పరుగెత్తేటప్పుడు సగం లిఫ్ట్ వచ్చే వేగంలో, ఒక ఊపుకు చక్రాలు నేల వదులుతాయి, తర్వాతి ఊపుకు నేలను గుద్దుతాయి. టొరంటో వాళ్లను రన్‌వే మీద బాగా ఇబ్బంది పెట్టింది ఈ ఎగిరిపడటమే.

పెద్ద పక్షులు కూడా ఈ ఇబ్బందిని తప్పించుకునే చూస్తాయి. మన ఊరి గద్దలు ఎండెక్కాక హుస్సేన్ సాగర్ మీద ఎంతసేపు రెక్క కదపకుండా వేడిగాలిలో చుట్టూ తిరుగుతాయో గమనించండి. రోళ్లపాడులో ఒకప్పుడు బాగా కనిపించిన బట్టమేక పక్షి 15 కిలోల దాకా తూగుతుంది, ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో అదొకటి. ఇప్పుడు బతికున్న ఏ ఎగిరే పక్షీ 20 కిలోలు మించి పెద్దగా పెరగదు. కారణం సైజు లెక్క. ఆకారం అదే ఉంచి పొడవు రెట్టింపు చేస్తే రెక్క వైశాల్యం 4 రెట్లు, బరువు 8 రెట్లు అవుతుంది. లేవడానికి ఎక్కువ వేగం, ఎక్కువ శక్తి కావాలి, ఆడించగలిగే వేగమేమో తగ్గుతుంది. కోట్ల ఏళ్ల కిందటి టెరోసార్లలో (ఎగిరే సరీసృపాల్లో) కొన్నిటికి రెక్కల వెడల్పు 10 మీటర్లు ఉండేదని శిలాజాలు చెబుతున్నాయి. అంటే మీరు అనుకుంటున్న సైజు ప్రకృతిలో అసాధ్యం కాదు, కానీ అది చిట్టచివరి అంచు.

అదే చిన్న సైజుకు వెళ్తే కథ మారిపోతుంది. 2011లో అమెరికాలో ఏరోవైరాన్‌మెంట్ సంస్థ 16 సెంటీమీటర్ల వెడల్పు, 19 గ్రాముల బరువుతో యాంత్రిక హమ్మింగ్‌బర్డ్‌ను గాలిలో నిలబెట్టి చూపించింది. అదే ఏడాది జర్మనీ ఫెస్టో సంస్థ 2 మీటర్ల వెడల్పు, అర కిలో లోపు బరువున్న స్మార్ట్‌బర్డ్‌ను ఎగరేసింది. దానికి కావాల్సిన శక్తి 23 వాట్లు. ఆ సైజుల్లో రెక్క తేలిక, ఊపు బలాలు తక్కువ, బాగా చిన్నవాటిలో ముందంచు మీద పుట్టే సుడి అదనపు లిఫ్ట్ కూడా ఇస్తుంది. రెక్కలాడించడానికి నిజమైన భవిష్యత్తు అక్కడుందని నా నమ్మకం.

ఎవరూ ఎందుకు అమ్మట్లేదన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు తేలికే. 1799లో ఇంగ్లండ్‌లో జార్జ్ కేలీ ఒక మలుపు తిప్పాడు: బరువు మోసే పని కదలని రెక్కకు, ముందుకు తోసే పని వేరేదానికి అప్పగించాలని గీసి చూపాడు. పక్షికి ఆ వీలు లేదు. రక్తనాళాలు, నరాలు అందించాల్సిన అవయవం ఆగకుండా గుండ్రంగా తిరగలేదు, ముందుకూ వెనక్కూ ఆడాల్సిందే. మనకు బేరింగు ఉంది, షాఫ్టు ఉంది. మనిషిని మోసే సైజులో తిరిగే ప్రొపెల్లర్ తక్కువ బరువుతో, తక్కువ అలసటతో అదే పని చేస్తున్నప్పుడు డబ్బు పెట్టేవాడు అటే పోతాడు.

మన దగ్గర ఈ మాట ఎత్తితే శకున విమానం గురించి తప్పకుండా అడుగుతారు. ప్రాచీనమని ప్రచారంలో ఉన్న వైమానిక శాస్త్రం అనే గ్రంథంలో రెక్కలాడించే ఆ విమానం బొమ్మ ఉంది. 1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆ గ్రంథాన్ని లెక్కలతో సహా పరిశీలించారు. అది ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో తయారైందని, అందులోని విమానాలు ఎగరలేవని తేల్చారు. ఆ బొమ్మ పట్టుకుని డిజైన్ మొదలుపెట్టవద్దు.

మరి మీరేం చేయాలి? ఈ ఆలోచన వదిలేయమని నేను చెప్పను. మనిషిని ఎక్కించే ఆలోచన మాత్రం ఈ ప్రాజెక్టులో పెట్టుకోవద్దు. ముందు 1.2 నుంచి 2 మీటర్ల వెడల్పు నమూనా, అర కిలో లోపు. బేరింగులు, రాడ్ ఎండ్లు రాణీగంజ్‌లో, మోటారు, స్పీడ్ కంట్రోలర్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి. స్పార్‌కు కార్బన్ గొట్టం మంచిది. కార్బన్ దొరికేదాకా వెదురుతో మొదలుపెట్టినా తప్పులేదు. ధూల్‌పేటలో గాలిపటాలు కట్టేవాళ్లు పుల్లను రెండు చివర్లా పట్టుకుని వంచి, వంపు రెండు వైపులా ఒకేలా వచ్చిందా అని చూస్తారు, ఎక్కువున్న వైపు కత్తితో రెండు గీతలు గీకి మళ్లీ వంచుతారు. మీ ఎడమ, కుడి స్పార్లకు సరిగ్గా అదే పరీక్ష కావాలి. రెండూ ఒకే బరువుకు ఒకే అంత వంగకపోతే నమూనా ఒకవైపు తిరిగిపోతూనే ఉంటుంది.

ఎండాకాలం మధ్యాహ్నం ఎగరేసి, లేవలేదని బాధపడకండి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. 42 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సాంద్రత, పుస్తకాల్లో తీసుకునే విలువ కంటే 14 శాతం తక్కువ. లేవడానికి 8 శాతం ఎక్కువ వేగం కావాలి. తెల్లవారుజామున ఎగరేయండి. ఎక్కడ ఎగరేసినా ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూడండి. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ చుట్టూ పరిమితులున్నాయి, రెక్కలాడించే నమూనా కదా అని మినహాయింపు అనుకోవద్దు.

నమూనా బాగా ఎగిరాక, ఎప్పటికైనా పెద్దది కట్టాలనే పట్టుదల ఉంటే ష్మిడ్ దారి పట్టండి. లోపలి సగం రెక్క కదలకుండా ఉంచి, బయటి సగం మాత్రం ఆడించండి. కీలు మీద పడే తిప్పుడు బలం బాగా తగ్గుతుంది, కూర్చున్నవాడి కుదుపూ తగ్గుతుంది. ఇంజన్ ఆగిపోతే గ్లైడర్‌లా దిగవచ్చు. బయటి రెక్కలు మధ్య స్థితిలో వాటంతటవే లాక్ అయ్యే ఏర్పాటు తప్పనిసరి. లేకపోతే రాడ్ విరిగిన క్షణంలో గాలి ఆ రెక్కలను పైకి మడిచేస్తుంది, ఇక పైలట్ చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ సైజులో ఏది కట్టినా డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతులు, అనుభవమున్న గ్లైడర్ పైలట్, నిర్మాణ పరీక్షలు లేకుండా నేల వదలకూడదు. ఈ మాట ఒక పెద్దవాడిగా గట్టిగా చెబుతున్నాను.

ఈ సెమిస్టర్‌కు పని ఇది. ఒక్క రెక్కే కట్టండి, మీటరు పొడవు. గట్టి బల్లకు బిగించి, ఎదురుగా పెద్ద పెడస్టల్ ఫ్యాన్ పెట్టి ఆడించండి. స్పార్ మొదట్లో, అది ఎంత సాగుతుందో కొలిచే స్ట్రెయిన్ గేజ్ అతికించండి. రిగ్గు కింద బలాన్ని కొలిచే లోడ్ సెల్ పెట్టి లిఫ్ట్, థ్రస్ట్ విడివిడిగా కొలవండి. మోటారుకు వెళ్లే వాట్లు రాసుకోండి. రెక్క చివర, మధ్యలో రంగు టేపు అంటించి ఫోన్‌లో స్లో మోషన్ తీయండి, ఊపు ఏ స్థానంలో ఉన్నప్పుడు మెలిక ఎంత ఉందో అందులోంచి గీయవచ్చు. ప్రతి గంటకూ ఆపి బోల్టుల చుట్టూ నల్ల పొడి ఉందేమో చూడండి, రాడ్‌ను చేత్తో కదిపి ప్లే ఎంత పెరిగిందో రాయండి. ఇవన్నీ చేశాక సెకనుకు ఎన్ని ఊపుల దగ్గర ఒక వాటుకు ఎన్ని గ్రాముల థ్రస్ట్ వచ్చిందో పట్టిక వేసి పెట్టండి. అదే మోటారుకు చిన్న ప్రొపెల్లర్ బిగించి వచ్చిన అంకె కూడా పక్కనే రాయండి. ఆ రెండు వరుసలు చేతిలో ఉంటే తర్వాతి సైజు ఎంత ఉండాలో కూర్చుని లెక్క కడదాం.